శాలిబండలో షట్టర్లు పడిన పూట

ఎనభైల మొదట్లో సంగతి. మా ఆవిడ పెళ్లి చీర వెలిసిపోయింది. దానికి మళ్లీ రంగు వేయించాలంటే శాలిబండకే వెళ్లాలని ఆమె పట్టు. ఆరేళ్ల మా లతకు లంగా కొలతలు కూడా ఇవ్వాలి కాబట్టి దాన్నీ వెంటబెట్టుకుని పొద్దున్నే సైదాబాద్‌లో బస్సెక్కాను. చార్మినార్ దగ్గర దిగాక రిక్షావాడు రూపాయి అడిగాడు గానీ, ఆ కాస్త దూరానికి దండగనిపించి నడిచాం. ఆ రోజుల్లో పాతబస్తీలో కర్ఫ్యూ చెప్పి వచ్చేది కాదు. అందుకే బయల్దేరేటప్పుడు మా ఆవిడ "పిల్ల చెయ్యి ఇడువకు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

మా ఇంటి బట్టలన్నీ కుట్టే దర్జీ యాదగిరి లతను గద్దె మీద కూర్చోబెట్టుకున్నాడు. "నువ్వు చీర ఇచ్చి రా అన్నా, కొలతలు నేను తీసుకుంట" అన్నాడు. రంగుల దుకాణం రోడ్డుకు అవతలే కదా అని వెళ్లాను.

అక్కడ రంగులద్దే బషీర్ భాయ్ చీరను వెలుతురులో పరిచి చూస్తుండగా ఎగువన ఒక షట్టరు దడేలున పడింది. వెంటనే ఇంకొకటి, మరొకటి. ఆ చప్పుడు మా వైపే వస్తోంది. జనం ఉరుకులు. ఎందుకని ఎవరూ ఎవరినీ అడగలేదు. బషీర్ భాయ్ నా రెక్క పట్టుకుని లోపలికి లాగి, తన షట్టరూ గుంజేశాడు.

"నా బిడ్డ అవతల ఉంది భాయ్!"

"యాదగిరి ఉన్నడు గద. జర సబర్ చెయ్. బయట లొల్లి అయితున్నట్టుంది."

షట్టరు కింద జానెడు సందు ఉంటే నేల మీద బోర్లా పడుకుని, లత ఎర్ర చెప్పుల కోసం వెతికాను. పరిగెత్తే కాళ్లు తప్ప ఏమీ కనబడలేదు. కాసేపటికి ఆ కాళ్లు పలచబడ్డాయి. డప్పు వినబడింది. నాలుగు పేలాలు దొర్లుకుంటూ లోపలికి వచ్చాయి.

బషీర్ భాయ్ వాటిని చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అరె, పప్పుల సేటు పోయినట్టుండు! మంచానపడి మస్తు దినాలాయె."

ఆ బజారులో వ్యాపారి పాడె దాటుతుంటే షట్టర్లు దించడం ఆనవాయితీ. ముందు దించినవాళ్లు మర్యాదకు దించారు. వాళ్లను చూసి దిగువన మేమంతా భయంతో దించాం.

షట్టరు ఎత్తించి ఒక్క పరుగున అవతలికి వెళ్తే యాదగిరి దుకాణానికి బయట తాళం వేసి ఉంది. తలుపు బాదుతూ "లతా!" అని అరిచాను.

"బాపూ, ఎవ్వరు పిలిచినా పలకొద్దని చెప్పిండు మామ" అని లోపలి నుంచి చిన్న గొంతు.

అంతలో యాదగిరి చార్మినార్ వైపు నుంచి పరిగెత్తుకొచ్చాడు. కాళ్లకు చెప్పుల్లేవు, మెడలో టేపు అలాగే ఉంది.

"యాడికి పోయినవన్నా! భాయ్ దుకాణం బందున్నది, నువ్వు రోడ్డు మీద చిక్కినవనుకున్న. చార్మినార్ దాకా ఉరికిన."

"లొల్లి అనుకుంటివి గద, బయటికెందుకు వచ్చినవ్?"

"పిల్లకు నువ్వు గావాలె గదన్నా" అన్నాడు. తాళం తీసి లతను నా చేతికి అందించాడు.

ఆ తర్వాత శాలిబండకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఎక్కడైనా షట్టరు చప్పుడైతే ఇప్పటికీ నా చెయ్యి లత కోసం వెతుకుతుంది, దానికి పెళ్లయి ఇద్దరు పిల్లలున్నా సరే. ఆ రోజు బయట గొడవేమీ లేదు, నిజమే. కానీ ఉందనే నమ్మి యాదగిరి బయటికి వెళ్లాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

పిల్లలతో పాతబస్తీకి వెళ్లేవాళ్లకు ఒక మాట: బజారులోకి అడుగు పెట్టగానే తెలిసిన దుకాణం ఒకటి పిల్లలకు చూపించి, "నేను కనబడకపోతే ఇక్కడే ఉండు, వస్తాను" అని చెప్పండి. ఆ మాట దుకాణదారుకూ చెప్పండి. లేకపోతే మీకోసం అతను చెప్పుల్లేకుండా చార్మినార్ దాకా ఉరుకుతాడు.