పొడి లేవకుండా

మార్కాపురంలో మేం అద్దెకున్న ఇంటావిడను అత్తా అని పిలిచేదాన్ని. మా పాప కోసం నేను హాట్ చాక్లెట్ చేస్తే ఎప్పుడూ ఉండలు కట్టేది. అత్త మాత్రం కోకో పొడిని ముందు రెండు చెంచాల చల్లటి పాలతో తడిపి, చెంచా వెనకతో మెదిపి, ఆ ముద్దను వేళ్ల మధ్య రాసి చూసేది. గరుకు తగలదని తేలాకే వేడిపాలు పోసేది.

డబ్బా మూత తీసే ముందు కొంగు ముక్కుకు అడ్డంగా కట్టుకునేది. ఆ చాదస్తం చూస్తే నాకు నవ్వొచ్చేది.

ఓ సాయంత్రం గట్టు మీద ఒలికిన పొడిని ఊదబోయాను. అత్త చటుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊదబాకమ్మా! తడిగుడ్డతో తుడువు."

"కోకోనే కదత్తా, ఏమవుతుంది?" అని నవ్వాను.

"మీ మామ ఇరవై ఏండ్లు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసినాడు. మూతికి గుడ్డ కట్టుకో అంటే, పలక పొడే గదా, ఏమైతాది అని ఇట్లనే నవ్వినాడు."

అప్పుడే లోపలి గదిలో మామ దగ్గు మొదలైంది. అది ఆగుతుందేమోనని అత్త చెంచా పట్టుకుని అలాగే నిలబడింది. పాప గ్లాసులో మీగడ కట్టింది. దగ్గు ఆగలేదు.