తవుడు పోసి కొన్న కుక్క

కుప్పమ్మకు నచ్చిన మనిషి నగరి ఊళ్ళో ఇంతవరకు పుట్టలేదు. ఒకవేళ పుట్టినా, ఆమె కంటబడకుండా ఎటో తప్పించుకొని పోయి ఉండాలి. పొద్దున్నే అరుగు మీద కూర్చుని వక్కాకు నములుతూ, దారిన పోయే వాళ్ళను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, మూతి పక్కకు తిప్పి తుపుక్కున కాలువలో ఉమ్మేది. ఆ ఉమ్మి ఎవరికి పడిందో వాళ్ళకు తెలిసిపోయేది. తెలిసినా ఏమీ అనలేరు. అంటే, కాలువలో పడేది ఇంకోసారి మొహాన పడుతుంది.

అంత పొగరు ఆమెకు పుట్టుకతోనే వచ్చింది. ఆమెకు ముందు పుట్టిన బిడ్డలు ఒక్కరూ దక్కలేదు. అందుకని ఈమె పుట్టగానే చేటలో వేసుకొని పోయి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. "ఈ బిడ్డ మాకొద్దు, పారేసినాం" అని చావుకు వినబడేలా గట్టిగా అరిచి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశారు. కాసేపటికి మేనత్త పోయి బిడ్డను ఎత్తుకుంది. తల్లి ఆ మేనత్తకు దోసెడు తవుడు పోసి, తన బిడ్డను తానే కొనుక్కుంది. అట్లా కొన్న బిడ్డకు పాత రాత అంటదని ఈ పక్క నమ్మకం. కుప్పలో దొరికింది కాబట్టి కుప్పమ్మ అయింది.

మేనత్త పోయేసరికి కుప్ప మీద బిడ్డ పక్కనే ఒక నల్లకుక్క పడుకొని, పందుల్ని దగ్గరికి రానీయకుండా గుర్రుమంటూ ఉందని వాళ్ళవ్వ చెప్పేది. నిజమో, అవ్వ కల్పించిందో ఎవరికి తెలుసు! ఆ ముచ్చట విని కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం కాదు కుప్పమ్మ. "దానికేం పని, పడుకొనుంటాది. మనుషులే గదా పారేసి పోయింది" అని తేల్చేసేది.

మొగుడు ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. ఉన్నదల్లా చేతిమగ్గం ఒకటి. వీధి మొత్తం మరమగ్గాల టకటకలో మునిగిపోయినా, ఆ చివరింట్లో ఆమె మగ్గం మాత్రం తన పాటికి తాను ఆడుతూనే ఉండేది. మిల్లులో గంజి పెట్టించిన దారం ఆమెకు నచ్చదు. ఆమెకు మిల్లులు కూడా నచ్చవు మరి. తెల్లవారుతూనే వీధి పొడుగునా మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల పడుగు సాగదీసి, కొయ్యలకు బిగించి, కుంచెతో గంజి పట్టించి ఆరబెట్టేది. ఎండ ముదిరేలోపు ఆ దారాలకు గొడ్డు అడ్డం రాకూడదు, కుక్క దూరకూడదు. ఒక్క కుక్క అందులోంచి పరిగెత్తిందంటే వేల పోగులు తెగి, చిక్కుపడి, పడుగు మొత్తం కాలువ పాలు.

అందుకే ఆ వీధికి కరుప్పు కావాల్సి వచ్చింది. ఒంటి మీద ఒక్క తెల్లవెంట్రుక లేని నల్లకుక్క. ఆ వీధిలోనే పుట్టింది, ఆ వీధిలోనే గజ్జి పట్టించుకుంది, ఆ వీధిలోనే పెద్దదయింది. పడుగు కింద ఒద్దికగా పడుకునేది తప్ప దాన్ని దాటేది కాదు. కసాయంగళ్ళ వీధి నుంచి వచ్చే కుక్కల మందను మాత్రం మలుపు దగ్గరే తరిమికొట్టేది. కుప్పమ్మ దానికి సంగటి ముద్ద విసిరేది. విసరడమే, చేత్తో పెట్టడం లేదు. నిమిరిన పాపాన ఎన్నడూ పోలేదు.

ఆ వీధిలోనే నూలు వ్యాపారం ధనంజయ శెట్టి ఉన్నాడు. అబ్బో, ఆయన భక్తి గురించి చెప్పుకోవాలంటే ఒక శనివారం చాలదు! ఏలినాటి శని పట్టిందనీ, తెల్లవెంట్రుక లేని నల్లకుక్కకు నూనె పూసిన రొట్టె పెడితే ఆ శని కుక్క నోట్లోకి పోతుందనీ జోస్యుడెవరో చెప్పాడు. అప్పట్నుంచి ప్రతి శనివారం శెట్టి తలస్నానం చేసి, పట్టుపంచె కట్టి, వెండిపళ్ళెంలో రొట్టె పెట్టుకొని "రా నాయనా, రా స్వామీ" అంటూ కరుప్పు ముందు వంగేవాడు. ఆదివారం అదే కుక్క అదే గడప ఎక్కితే చెప్పు విసిరేవాడు. వారానికి ఒక్కరోజు దేవుడు, ఆరురోజులు దరిద్రం. కుప్పమ్మ ఉమ్ముల్లో సగం శెట్టి వాటాకే పోయేవి.

మేడ మీద అద్దెకుండే బ్యాంకు కుర్రాడు ప్రతాప్‌ది ఇంకో రకం భక్తి. కరుప్పుకు బిస్కెట్ వేస్తూ ఫోన్‌లో వీడియో తీసుకునేవాడు. వీడియో సరిగా రాకపోతే ఆ బిస్కెట్ మళ్ళీ లాక్కొని మళ్ళీ వేసేవాడు! టైలర్ మహబూబ్ బాషా ఒక్కడు వేరు. కుక్కను కొట్టులోకి రానిచ్చేవాడు కాదు. పొరబాటున దాని మూతి తగిలితే కాలు కడుక్కొని వచ్చేవాడు. కానీ ఎండాకాలం కొట్టు బయట మట్టిమూకుడులో నీళ్ళు ఎండనిచ్చేవాడు కాదు.

ఇట్లా ఉండగా శెట్టి ఏలినాటి శని అయిపోయింది. జోస్యుడు వేళ్ళు మడిచి లెక్కవేసి, "గండం గడిచింది శెట్టీ, ఇంక నీకు అన్నీ మంచిరోజులే" అన్నాడు. ఆ శనివారం నుంచే రొట్టె ఆగిపోయింది. ఏరు దాటాక తెప్ప తగలేయడం శెట్టికి ఒకరు నేర్పాలా? పాపం, శని వదిలిన సంగతి కరుప్పుకు ఎవరూ చెప్పలేదు. శనివారం కాగానే అలవాటుగా గడప ముందుకు పోయి కూర్చుంది. అప్పుడే శెట్టి కూతురు రూపశ్రీ జర్మనీ నుంచి కొడుకును తీసుకొని సెలవులకు వచ్చి ఉంది. పిల్లవాడు చేతిలో బన్ను పట్టుకొని గడప దిగాడు. శనివారం, శెట్టి గడప, చేతిలో రొట్టెలాంటిది. ఇంకేం కావాలి? కరుప్పు ఎగిరి బన్ను లాక్కుంది. పిల్లవాడి వేలికి గోరు గీసుకుంది.

ఆ గీతకు వీధంతా కదిలింది. పిల్లవాడికి సూదిమందు వేయించారు, అది మంచిదే. తర్వాత శెట్టి అరుగు మీద పంచాయితీ పెట్టారు. రూపశ్రీ కళ్ళు తుడుచుకుంటూ, "అక్కడ రోడ్డు మీద ఒక్క కుక్క కనపడదు తెలుసా! ప్రతి కుక్కకీ ఒక ఓనర్ ఉంటాడు. ఏడాదికింత అని పన్ను కట్టాలి. రైల్లో టికెట్ కూడా తీయాలి" అంది.

"కుక్కకు టిక్కెట్టా?" అని కుప్పమ్మ నోట్లో వక్కాకు పక్కకు తోసింది. "మరి ఎవురికీ కానిది ఉంటే?"

"ఉండదవ్వా. ఉంటే షెల్టర్ వాళ్ళు తీసుకెళ్ళిపోతారు."

"ఎవురికీ కానిది రోడ్డు మింద ఉండనే కూడదా ఆ దేశంలో? అయితే నేను రానులేమ్మే."

కొందరు నవ్వారు. శెట్టి నవ్వలేదు. "మాటలొద్దు కుప్పమ్మా. ఆ కుక్క నీదా? నీదంటే చెప్పు, నీ గుంజకు కట్టేసుకో, మేమేం అనం. కాదంటే నా లోడు తోలే మునికుమార్ బండిలో యాడైనా దూరంగా ఇడిసిపెట్టిస్తా."

ఒక్క మాట. నాదే అంటే సరిపోయేది. కానీ పుట్టి బుద్ధెరిగాక కుప్పమ్మ ఎవరినీ నాదన్నది లేదు, ఎవరి ముందూ తగ్గింది లేదు. వీధి మొత్తం తన మొహంలోకి చూస్తుంటే, ఒక గజ్జికుక్క కోసం నోరు తెరిచి అడగడమా? "నాదేంది? వీధి కుక్క. వీధి ఇష్టం" అని లేచి చీర దులుపుకుంది.

బాషా ఒక్కడే అడ్డం వచ్చాడు. "అది నోరు పెడితే నేను కడుక్కుంటా శెట్టీ, నా ఇంట్లోకి రానీను. అంతమాత్రాన పారేయమని ఎవురు చెప్పినారు? యాడ పుట్టిందో ఆడుండాది, ఉండనీ అబ్బా" అన్నాడు. ఎవరూ వినలేదు. ప్రతాప్ ఇదంతా ఫోన్‌లో తీసుకుంటూ నిలబడ్డాడు. మునికుమార్ గోనెసంచి తెచ్చి కరుప్పును అందులో వేసి, చిత్తూరుకు పోయే గుడ్డల లోడులో పడేసుకొని పోయాడు. సాయంత్రానికి ప్రతాప్ విరిగిన గుండె బొమ్మ పెట్టి 'మానవత్వం ఎక్కడ?' అని పోస్టు వేశాడు. నువ్వు బండికి అడ్డం నిలబడి ఉంటే అక్కడే ఉండేది నాయనా మానవత్వం!

మర్నాడు తెల్లవారి కుప్పమ్మ ఎప్పటిలాగే పడుగు సాగదీసింది. గంజి కుంచె చేతిలోకి తీసుకుందో లేదో, కసాయంగళ్ళ వీధి కుక్కలు మలుపు తిరిగి వచ్చాయి. మలుపులో ఆపేవాళ్ళు లేరు. ఒక ఎముక కోసం కొట్లాడుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరకు పడుగులోంచి దూసుకుపోయాయి. కుప్పమ్మ కుంచె విసిరింది, రాళ్ళు విసిరింది, నోటికొచ్చిన బూతులు విసిరింది. పోగులు పుటపుట తెగిపోయాయి. రెక్కలు ముక్కలు చేసుకొని తీసిన పడుగు బురదలో ముద్దయి పడింది. వీధి జనం తలుపులు ఓరగా తీసి చూశారు. "మిల్లు దారం తెచ్చుకోరాదా ఈ ముసల్ది" అని ఎవరో అన్నారు. ఇంకో పడుగు వేసినా ఇదే గతి అని ఆమెకు అప్పుడే అర్థమైంది. కరుప్పు లేకపోతే పడుగు లేదు. పడుగు లేకపోతే మగ్గం లేదు. మగ్గం లేకపోతే కుప్పమ్మ వట్టి ముసలిది, అంతే.

ఆ రోజు కాలువలో ఉమ్మలేదు. అరుగు మీద కూర్చుని తన మీద తానే కారాలు మిరియాలు నూరుకుంది. 'పారేస్తా ఉంటే చూస్తా నిలబడ్డావు గదే! నిన్ను పారేసినోళ్ళైనా చావును మోసం చేసేదానికి పారేసినారు. నువ్వు బింకానికి పారేసినావు.' అనుకొని లేచి నేరుగా మునికుమార్ ఇంటికి పోయింది.

"యాడ ఇడిసినావురా దాన్ని?"

"పూతలపట్టు కాడవ్వా. కూడలిలో హోటలుండాది చూడు, దాని ఎనకాల."

"బండి తియ్యి."

"శెట్టికి తెలిస్తే నాకు లోడు ఇయ్యడవ్వా..."

"నోరు లేని దాన్ని గోనెలో కట్టేదానికి చేతులొచ్చినాయి, బండి తిప్పేదానికి రాలేదా? తియ్యిరా అంటే!" ఆ కేకకు మునికుమార్ పెళ్ళాం తాళంచెవులు తానే తెచ్చి ఇచ్చింది.

హోటల్ వెనక ఎంగిలాకుల కుప్ప ఉంది. కుప్ప మీద కరుప్పు పడి ఉంది. రోడ్డు మీది కుక్కలు కొత్తదాన్ని బతకనిస్తాయా? చెవి చీలి ఉంది, వెనక కాలు మీద పచ్చి గాయం. కుప్పమ్మను చూసి తోక ఆడించింది, లేవలేకపోయింది. హోటలామె లోకేశ్వరి చేయి తుడుచుకుంటూ వచ్చి, "నీదా అవ్వా? రాత్రి నేనే ఇంత సాంబారన్నం పెట్టినా" అంది.

నాదే అనడానికి కుప్పమ్మకు నోరు రాలేదు. పారేసిన వీధిలో తానూ ఒకతె. పక్కనున్న దాణా అంగడికి పోయి ఒడి నిండా తవుడు పోయించుకొని వచ్చింది. "అమ్మణ్ణీ, దాన్ని కుప్ప మిందినుంచి నువ్వు ఎత్తు. నేను కొనుక్కుంటా" అంది. మునికుమార్ కిసుక్కున నవ్వాడు. లోకేశ్వరి నవ్వలేదు. "మా మామ పేరు కుప్పయ్య అవ్వా, నాకు తెలుసు" అని చీర దోపుకొని, ఆ గాయాల కుక్కను రెండు చేతులా ఎత్తింది. కుప్పమ్మ ఆమె చెంగులో తవుడు పోసి కుక్కను అందుకుంది. దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకుంది. "ఏం కంపురా నాయనా, స్నానం తెలీని జన్మ" అని తిడుతూనే ఉంది, చేయి మాత్రం తీయలేదు.

కుక్క మెడకు పడుగు దారాలు పేనిన తాడు కట్టింది. పొద్దున పడుగు ఆరేదాకా విప్పేది, తర్వాత తన గుంజకు కట్టుకునేది. నీదంటే కట్టేసుకోమన్నది వీధి వాళ్ళే కదా. రూపశ్రీ కొడుకును తీసుకొని జర్మనీకి వెళ్ళిపోయింది. పడుగులు మళ్ళీ నిలిచాయి.

ఇంతలో శని వక్రించాడు! వెనక్కి నడిచొచ్చి మళ్ళీ శెట్టి రాశిలోనే కూర్చున్నాడు. ఊళ్ళో అన్ని ఇళ్ళుండగా ఆయనకు కూడా శెట్టి ఇల్లే నచ్చింది. అదే జోస్యుడు అవే వేళ్ళు మడిచి, "ఆ పాత కుక్కకే పెట్టాల శెట్టీ, ఆ నల్లదే" అన్నాడు. శనివారం పొద్దున్నే పట్టుపంచె, వెండిపళ్ళెం, నూనె రొట్టెతో శెట్టి వచ్చి కుప్పమ్మ అరుగు ముందు నిలబడ్డాడు. వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

"కుప్పమ్మక్కా, కరుప్పును ఒకసారి ఇడిస్తే..."

కుప్పమ్మ వక్కాకు నములుతూ ఆయన్ను కింది నుంచి పైదాకా చూసింది. "కరుప్పు యాడుండాది శెట్టీ? దాన్ని మీరు గోనెలో కట్టి పారేసినారు గదా."

"అయ్యో, ఇదే గదక్కా!"

"ఇది కుప్పడు. తవుడు పోసి కొనుక్కున్నా."

తవుడు పోసి కొన్నాక అది ఆ పాత కుక్క కాదని శెట్టికి అర్థమైంది. ఈ పక్క పుట్టిన వాడే, అర్థం కాకపోవడమేంటి! "అట్లంటే ఎట్లక్కా... పాతదే గదా, ఒళ్ళంతా నలుపే గదా..." అంటూ వంగి రొట్టె కింద పెట్టాడు. కుక్కకు రోషం ఉంటుందా? తాడు గుంజుకొని వచ్చి, పారేసిన చేతిని ఒకసారి నాకి, రొట్టె మొత్తం గుటుక్కున మింగి తోక ఆడించింది. కుప్పమ్మ దాని మీదా మూతి తిప్పింది. "థూ, సిగ్గులేని ముండాకొడకా" అని తాడు దగ్గరికి లాక్కుంది.

శెట్టి మొహం విప్పారింది. "తినింది గదక్కా! తినేసింది!"

"తినింది శెట్టీ. రొట్టె తినింది. కుప్పలోంచి కొన్నదానికి పాతవేవీ అంటవు. నీ శని నీ పళ్ళెంలోనే ఉండాది, ఎత్తుకొని పో."