క్యారమ్స్ బోర్డు దగ్గర మరీ మంచివాడు

సూర్యాపేటలో మా ఇంటి ఎదుట ఒక దర్జీ కొట్టు ఉంది. దర్జీ కోదాడ అవతలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. పోలియోతో కుడికాలు సన్నబడింది, అందుకని మిషన్‌కు మోటారు పెట్టించుకున్నాడు. మెత్తటి మనిషి. ఆయన్ని చూసే నేనొక నవల రాశాను. అది పత్రికలో సీరియల్‌గా వస్తుంటే మిర్యాలగూడ దాకా జనం కళ్లు తుడుచుకున్నారని అందరికీ చెప్పాను. అంత లేదు. మిర్యాలగూడలో చదివింది మా వియ్యంకుడొక్కడే. ఆయనకు అప్పుడే కంటి ఆపరేషన్ అయింది.

నవలలో దర్జీ ఎవరేమన్నా నవ్వుతాడు. పని ఆపి కిటికీలోంచి ఆకాశం చూస్తాడు. కొట్టుకు అసలు కిటికీయే లేదు.

సాయంత్రాలు ఆ కొట్టు ముందు క్యారమ్స్ ఆడతారు. సీరియల్ మొదలయ్యాక అక్కడ అరుపులు తగ్గాయి. ఎందుకో చూద్దామని వెళ్లి కూర్చున్నాను. దర్జీ కొట్టిన దెబ్బకు ఎర్రకాయ పడలేదు.

“ఏం గాదు సార్, ఇంకోపారి కొట్టుండ్రి,” అన్నాడు టీకొట్టాయన. అంతకుముందైతే “ఏందిరా ఆంధ్రోడా, సూదిల దారం ఎక్కించే కండ్లేనా గవి?” అని ఉండేవాడు.

ఆట అయ్యాక దర్జీ నన్ను ఆపాడు.

“నన్నేంటండీ పెద్దాయనా, అట్టా రాశారు? ఇన్నేళ్లు తిట్టించుకుని ఈ ఊరోణ్ణయ్యాను. ఇప్పుడు సార్ అంటున్నారు. కావాలని ఓడిపోతున్నారు. రేపట్నుంచి బోర్డు కాడికి రాను.”

“మంచోనివనే గదనయ్యా రాసిన.”

“మంచోడికి కోపం రాదాండీ? కాలర్ కుదర్లేదని మీ లాల్చీ మళ్లీ మళ్లీ తిప్పి పంపితే నేనేమనుకున్నానో తెలుసా?”

“ఏమనుకున్నవ్?”

చెప్పాడు. అచ్చులో వేసే మాట కాదు. నాకు ఆసక్తి పెరిగింది. ఇంకేం చేస్తావని అడిగాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“మోచేత్తో కాయ జరుపుతానండీ. ఎవరికీ కనపడదు. అందరూ నా కాలే చూస్తుంటారు.”

నేనూ ఇన్నాళ్లూ ఆ కాలే చూశాను. ఆ రాత్రే తర్వాతి అధ్యాయం చింపి కొత్తది రాశాను, మోచేతితో సహా. ఆయన నిజంగా జరిపేవాడో, నా కోసం అప్పటికప్పుడు అల్లాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ సంచిక వచ్చిన సాయంత్రం కేకలు మా వంటింట్లోకి వినిపించాయి.

“గిన్నొద్దులు గిట్లనారా గెలిసింది? మోచెయ్యి లేపు ముందుగాల!”

“నీ టీలో నీళ్ల కన్నా నయమేలేరా! కొట్టు, కొట్టు!”