పెద్ద గుమాస్తా, చిన్నక్షరం

ఆ ఆఫీసులో ఏ ఉత్తరాన్నయినా పెద్ద గుమాస్తా అడుగునుంచి చూచేవాడు. కళ్ళజోడు ముక్కుకొసకు జార్చి, 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' అన్నచోట ఎర్రకలం ఆనించి, మొదటి మాట పెద్దక్షరంతోనూ రెండవది చిన్నక్షరంతోనూ మొదలైనవో లేదో పరీక్షించేవాడు. తప్పు కనబడితే లంకెబిందెలు దొరికినంత సంబరం. లేకపోతే ముఖం వాడిపోయేది.

ఒకనాడు కాపలావాడి భార్యకు ఉన్నట్టుండి ఆపరేషన్ అవసరమైంది. అతడు తమ ఉద్యోగి అని ఆఫీసువారు రాసిస్తేనే ఆసుపత్రిలో చేర్చుకుంటామన్నారు. కంగారులో టైపిస్టు రెండు మాటలకూ పెద్దక్షరాలే కొట్టింది. పెద్ద గుమాస్తా కాగితం పక్కకు నెట్టాడు.

"అయ్యా, అది అక్కడ నొప్పితో మెలికలు తిరిగిపోతోంది. సంతకముంటే చాలన్నారు" అని కాపలావాడు చేతులు జోడించాడు.

"చాలన్నది వాళ్ళు, పరువు పోయేది మనకు. ఆగు."

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది, బాబాయ్‌గారూ!" అంటూనే టైపిస్టు కొత్త కాగితం ఎక్కించింది. అక్షరం కుదిరితే అంచు కుదరలేదన్నాడు. మూడవ ప్రతికి తృప్తిగా తలాడించి ఎదుట చూస్తే కాపలావాడు లేడు, తప్పు కాగితమూ లేదు.

"మేనేజరుగారు మెట్లమీదే దానికి సంతకం పెట్టేశారు. ఆమెను లోపలికి తీసుకెళ్ళారని ఇప్పుడే కబురొచ్చింది" అంది టైపిస్టు.

పెద్ద గుమాస్తా పాలిపోయి ఆసుపత్రికి ఫోను చేశాడు. "ఇందాక మా ఉత్తరమొకటి వచ్చింది కదండీ, అది ఎవరికీ చూపించకండి. సరైనది పంపిస్తున్నాను."

రోగి పేరేమిటని అవతలివారు అడిగారు. ఆయన టైపిస్టు వంక చూచాడు. ఆమె మిషను మీద గుడ్డ కప్పి లేచిపోయింది.