ఐదు మూరల స్తంభాలు

మొన్న శనివారం మా ఊరు నోవైలో ఒక కార్ల షోరూమ్ బయట, సేల్స్ ఆవిడ వ్యాను వెనక తలుపు పైకెత్తగానే లోపలి నుంచి గుప్పున వచ్చిన కొత్త ప్లాస్టిక్ వాసనా, రబ్బరు పట్టాల వాసనా, వాటి అడుగున ఎక్కడో ఇంకా పూర్తిగా ఆరని జిగురు వాసనా కలిసి నన్ను తిన్నగా మా పాత ఇంటి బేస్‌మెంట్‌లోకి లాక్కుపోయాయి. నాకు కావలసిందల్లా వారం రోజులూ ఆఫీస్‌కి తిరగడానికీ, ఆదివారాలు తెలుగు బడికి మడత బల్లలూ పుస్తకాల పెట్టెలూ మోయడానికీ పనికొచ్చే బండి. నాన్న పోయాక మా ఇంట్లోనే ఉంటున్న అమ్మ కూడా వచ్చింది. లావుపాటి కోటులో, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళిచూపులకొచ్చిన మేనత్తలా బండిని ఎగాదిగా చూస్తోంది. ఆవిడ పక్కన నిలబడి ఆ వాసన పీలుస్తుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నాకు నాలుగేళ్ళప్పుడు ఇండియా నుంచి ఈ ఊరొచ్చాం. నాన్న కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. అమ్మ మండపాలు కట్టేది. అంటే పెళ్ళికూతుర్ని చేసే వేడుకలకీ, సీమంతాలకీ, ఓణీల ఫంక్షన్లకీ, సత్యనారాయణ వ్రతాలకీ వెనక తెరా, బంగారు రంగు వేసిన థర్మాకోల్ స్తంభాలూ, ప్లాస్టిక్ అరటిచెట్లూ, గుడ్డ బంతిపూల దండలూ, తన పాత చీరల్లో పసిపిల్లల్లా చుట్టిపెట్టిన ఇత్తడి దీపపు కుందులూ అన్నీ తీసుకెళ్ళి, ఎవరి లివింగ్ రూమ్‌నైనా గంటన్నరలో కల్యాణ మండపం చేసేసేది. టేపు పెట్టి కొలవడం ఆవిడకి తెలీదు. మోచేతి నుంచి వేలి కొస దాకా మూర, అంతే లెక్క. స్తంభం ఐదు మూరలు, అరటిచెట్టు నాలుగు. బోర్డు మీద పేర్లు రాయడం మాత్రం నా పని. నేను తెలుగు నేర్చుకున్నది పలక మీద కాదు, థర్మాకోల్ మీద. పెళ్ళికూతుళ్ళ పేర్లతోనే నాకు గుణింతాలన్నీ వచ్చేశాయి.

వేసవిలో గరాజ్ తలుపు తీసిపెట్టి, దోమలు పీక్కుతింటున్నా లెక్కచేయకుండా స్తంభాలకి రంగులు వేసేవాళ్ళం. వినాయక చవితికి పాలవెల్లి కట్టి, వెలక్కాయలు ఎక్కడ దొరుకుతాయిక్కడ, రోడ్డు పక్క రైతు అమ్మే మొక్కజొన్న పొత్తులూ చిట్టి ఆపిల్ పళ్ళూ వేలాడదీసేది అమ్మ. మంచు పడ్డాక నా లోకమంతా బేస్‌మెంటే. స్తంభాల మధ్య కార్పెట్ మీద సుద్దతో గీసి చింతగింజలతో అష్టాచెమ్మా ఆడుకునేదాన్ని, అమ్మ దండలు గుచ్చుతూనే నా గింజల మీద ఓ కన్నేసి, దొంగాట ఆడితే తొడపాశం పెట్టేది. ఫంక్షన్ అయ్యాక వాళ్ళిచ్చిన పులిహోరా బొబ్బట్లూ ఫాయిల్ ట్రేల్లోంచి తింటూ, మా పాత స్టేషన్ వ్యాగన్‌లో, కుడికాలికి మాత్రమే వెచ్చగా తగిలే హీటర్ దగ్గర ముడుచుకుని ఇంటికొచ్చే ఆ ప్రయాణాల రుచి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

పన్నెండేళ్ళు రాగానే నాకో మాయరోగం పట్టుకుంది. సిగ్గు. ఒకరోజు అమ్మ ఫంక్షన్‌కి వెళ్తూ వెళ్తూ, స్తంభాలు నెత్తిన తాళ్ళతో కట్టుకుని, కిటికీలోంచి అరటాకులు ఊగుతున్న ఆ వ్యాగన్‌తోనే నన్ను తీసుకెళ్ళడానికి స్కూల్‌కి వచ్చింది. లైన్లో ఉన్న పిల్లలంతా మీ ఇంట్లో గుడి కడుతున్నారా అని పడీపడీ నవ్వారు. నేను ఎక్కి సీటు కిందికి దూరిపోయాను. షూ లేస్ ఊడిందేమో అనుకుంది పిచ్చిది. ఇంటికెళ్ళాక ముఖం మాడ్చుకుని, ఇకనుంచి స్కూల్ వెనక చెత్తడబ్బాల దగ్గర ఆపమన్నాను. మర్నాటి నుంచి అక్కడే ఆపింది. ఎందుకని అడగనైనా లేదు.

ఆ జనవరిలో వ్యాగన్ గేర్‌బాక్స్ పోయింది. ఉన్నది ఒక్క బండే, కొత్తది కొనాలి. మంచు రోడ్లకి మంచి సెడాన్ చాలన్నాడు నాన్న. వ్యాను అయితే మీరు ఆఫీస్‌కీ వెళ్ళొచ్చు, నా స్తంభాలూ లోపలే పడతాయంది అమ్మ. వారం రోజులు ఇద్దరూ అదే పాట. నా భయం వేరే. వ్యాను వస్తే ఆ అరటిచెట్లు నా స్కూల్‌కి రావడం ఇక ఎప్పటికీ ఆగదు మరి.

అమ్మ పుట్టింటి వాళ్ళకో అలవాటుంది. ఎటూ తేలని విషయం వస్తే శుక్రవారం పొద్దున తలంటుకుని, దీపం పెట్టి, రెండు చీటీలు దేవుడి ముందు వేసి, కళ్ళు మూసుకుని ఒకటి తీస్తారు. వచ్చింది దేవుడి మాట, ఇక దానికి తిరుగులేదు. అమ్మ పెళ్ళి సంబంధమూ, ఈ దేశానికి రావడమూ అలాగే తేలాయట. నాన్న సరే నీ దేవుడిష్టం అని నవ్వి, వాకిట్లో మంచు ఎత్తడానికి వెళ్ళిపోయాడు. మంచు వల్ల స్కూల్ లేదు, నేను ఇంట్లోనే ఉన్నాను.

"నీ రాత ముత్యాల్లా ఉంటుంది, చీటీలు నువ్వే రాయమ్మా," అంది అమ్మ.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని మొదటి చీటీ మీద కారు అని రాశాను. రెండో చీటీ మీద కూడా కారు అనే రాశాను. అమ్మ తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, పెదాలు కదుపుతూ ఒకటి తీసి విప్పింది. దాన్ని కళ్ళకద్దుకుని, "దేవుడు వద్దన్నాడమ్మా," అంది. రెండో చీటీని ప్రసాదం అరటిపండు ముక్కలో కుక్కి నేను మింగేశాను.

తెల్ల సెడాన్ వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్ వేసి, దిష్టి తీసి మరీ తొక్కించింది అమ్మ. స్తంభాలు అందులో పట్టవుగా, వ్యాగన్ నెత్తినున్నట్టు తాళ్ళు కట్టడానికి కమ్మీలూ లేవు. కోసి, అక్కడికెళ్ళాక టేపు వేసి అతికించేది. ఒక సీమంతంలో అందరూ హారతి పాడుతుండగా ఒక స్తంభం మెల్లగా వంగి కూలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ తర్వాత ఫోన్లు తగ్గిపోయాయి. ఎండలొచ్చేసరికి స్తంభాలు చెత్తబండి కోసం రోడ్డు పక్కకి చేరాయి. సగం ముక్కలు నాన్న మోస్తే మిగతా సగం నేనే మోశాను. అమ్మ ఇండియన్ గ్రోసరీలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర చేరి, మోకాళ్ళు అరిగేదాకా అక్కడే నిలబడింది. మండపాలు మానేశారేమని ఎవరడిగినా నవ్వుతూ ఒకటే జవాబు, దేవుడే వద్దన్నాడండీ అని. అది విన్న ప్రతిసారీ ఆ కాగితం ముక్క నా గొంతులోనే ఉన్నట్టుండేది. చెప్పేస్తే పోయేది. ఇన్నేళ్ళు చెప్పలేదు, పిరికిదాన్ని.

మొన్న షోరూమ్ ముందు నేను వ్యానుకీ పక్కనున్న ఎస్‌యూవీకీ మధ్య పదిసార్లు తిరిగాను. అమ్మ విసుక్కుంది. ఎందుకే ఈ ఊగిసలాట, ఇంటికెళ్ళి చీటీలు వేద్దాం, నువ్వే రాయి అంది. నువ్వే రాయి అన్న ఆ మాటతో నాలో ఏదో తెగిపోయింది.

"అమ్మా, అప్పుడు రెండు చీటీల మీదా కారనే రాశాను."

అమ్మకి ఒక పట్టాన అర్థం కాలేదు. "ఏ చీటీలే?" అంది. చెప్పాను. స్కూల్లో నవ్వారని, అరటిచెట్లని, మింగేసిన కాగితమని, అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బావుండుననుకున్నాను. అమ్మ దూరంగా కుప్పపోసిన మురికి మంచు వైపు తిరిగింది.

"అయితే దేవుడు వద్దనలేదన్నమాట," అంది.

ఆ బేస్‌మెంట్ ఉన్న ఇల్లు ఇప్పుడు ఇంకెవరిదో. వ్యాగన్ తుక్కయిపోయింది. కుందులు మా గూట్లో నల్లబడి ఉన్నాయి, గుడ్డ బంతిపూలు ఏమయ్యాయో నాకు తెలియనే తెలియదు. ఊళ్ళో మండపాలు కట్టే వాళ్ళు ఇప్పుడు బోలెడుమంది, అందరికీ పెద్ద పెద్ద వ్యానులు. సేల్స్ ఆవిడ ఏం జరుగుతోందో తెలియక మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. అమ్మ కోటు చెయ్యి పైకి లాక్కుని, నొప్పి మోకాలు ఒకటి వ్యాను లోపల ఆనించి వంగి, తలుపు అంచు నుంచి ముందు సీట్ల దాకా మోచెయ్యి పరుస్తూ కొలవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదో మూర దగ్గర ఆగి, మిగిలిన జాగా మీద అరచెయ్యి ఆనించింది.

"ఇంకా జానెడు మిగిలిందే," అంది అమ్మ. "పట్టేవి."