మూత లేని పెట్టె

మొన్న నా లాప్‌టాప్ తీసుకుని ప్రొద్దుటూరులో ఒక రిపేరు షాపుకు వెళ్లాను. బ్యాటరీ ఉబ్బి, కీబోర్డు నడిమధ్యన బొబ్బలాగా లేచింది. షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి స్క్రూలే లేవు సార్, అంతా గమ్ముతో అతికించారు, విప్పబోతే పగిలిపోతుంది, కొత్తది కొనుక్కోండి అని తేలిగ్గా చెప్పేశాడు. నా ఒళ్లు మండింది. నేను కొనుక్కున్న వస్తువును నేను విప్పి చూడటానికి లేదంటే అది నాదెట్లా అవుతుంది? లోపల ఏముందో నాకు తెలియకూడదనుకున్నవాడి మీద అనుమానం రాకపోతే నేను ఈ జిల్లాలో పుట్టినవాడినే కాదు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో జమ్మలమడుగు, పులివెందుల వైపు పల్లెల్లో పార్టీ అంటే ఓట్లప్పుడు పుట్టి తర్వాత చచ్చిపోయేది కాదు, ఇంటి పేరులాగా మనిషిని అంటిపెట్టుకుని ఉండేది. హోటల్లో కూర్చుంటే వాకిలి కనపడేట్టు కూర్చునేవాళ్లు. ఎవరింటికైనా పోతే, ఇచ్చినవాళ్లు ఒక గుక్క తాగిన తర్వాతనే మనవాళ్లు కాఫీ గ్లాసు ఎత్తేవాళ్లు. కోస్తా నుంచి వచ్చిన మా కాలేజీ లెక్చరరు ఒకాయన ఇదంతా చూసి నవ్వేవాడు గానీ, నాకు మాత్రం ఇప్పటికీ అందులో నవ్వాల్సిందేమీ కనపడదు.

మా చిన్నమామకు, అంటే మా అమ్మ తమ్ముడికి, ప్రొద్దుటూరులో ఒక డీటీపీ షాపు ఉండేది. పెండ్లి పత్రికలు, కరపత్రాలు కంప్యూటర్లో కంపోజు చేసి ప్రెస్సుకు పంపేవాడు. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న నేను అక్కడే చేరి ఆ యంత్రం పిచ్చిలో పడ్డాను. అప్పటి తెలుగు సాఫ్ట్‌వేర్ల సంగతి చెప్పాలంటే అదొక పెద్ద రాగం. ఒక్కో కంపెనీకి ఒక్కో కీబోర్డు, ఒక్కో లిపి, ఒకరిదాంట్లో కొట్టిన అక్షరం ఇంకొకరిదాంట్లో తెరిస్తే చీమలు పాకినట్టు కనపడేది. దానికి తోడు యంత్రం వెనకాల కంపెనీవాళ్ల తాళం ఒకటి, డాంగిల్ అనే చిన్న బిళ్ల, తగిలించి ఉండాలి, అది ఊడితే సాఫ్ట్‌వేరు నోరు మెదపదు. మా ఊళ్లలో కక్షలు అని తిట్టే పెద్దమనుషులు ఈ కంపెనీలను ఎందుకు తిట్టరో నాకు అర్థమయ్యేది కాదు.

ఎలక్షన్లు వస్తే రెండు పార్టీల కరపత్రాలూ మా యంత్రం మీదనే తయారయ్యేవి. పొద్దున ఒక పార్టీ, మధ్యాహ్నం తర్వాత ఇంకొక పార్టీ వచ్చేట్టు మామ వేళలు పెట్టాడు. వాళ్లు వీళ్లు మెట్ల మీద కూడా ఎదురుపడకుండా చూసుకునేవాడు. ఒకరి మాట ఒకరికి చెప్పడని మామకు పేరు, షాపు నడిచిందే ఆ పేరు మీద.

అటువంటిది ఒకసారి, జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లెలోని పెద్దాయన వేయించుకున్న కరపత్రం ఇంకా ప్రెస్సు దాటకముందే, దానికి మాటకు మాటగా ఎదురుపార్టీ జవాబు గోడలకెక్కింది. పెద్దాయన మనుషులు జీపులో వచ్చి, మరుసటి రోజు యంత్రాన్ని తీసుకుని తన దగ్గరికి రమ్మన్నాడని మామకు చెప్పి పోయారు. వాళ్లు అరవలేదు, బెదిరించలేదు, అందుకే మాకు ఎక్కువ భయం వేసింది. మా అత్త పుట్టిల్లు పెద్దముడియం వైపు, అక్కడ ఆమె వాళ్లది ఎదురుపార్టీ, ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? అత్త ఏడుస్తూ చెన్నూరులో వాళ్ల అక్క ఇంటికి పారిపొమ్మంది. పారిపోతే ఒప్పుకున్నట్టే అవుతుందని, తప్పు చేయనివాడిని ఎందుకు పోవాలని మామ కదల్లేదు. అట్లా పిలిస్తే పోయినవాళ్లందరూ తిరిగొచ్చే రోజులు కావవి. మామ ప్రాణం మీదికి వచ్చిందని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు.

నేను యంత్రం ముందు కూర్చున్నాను. మామ చెప్పలేదు, నేను చెప్పలేదు, మరి ఎట్లా పోయింది? ఏవో నాలుగు మాటలు కొట్టి అన్నీ తడుముతూ ఉంటే, ఖాళీదని నేను పెట్టిన ఫ్లాపీలో ఏదో వింత పేరుతో ఒక ఫైలు కనపడింది. తెరిచి చూస్తే నేను అప్పుడే కొట్టిన మాటలే. మేము చెప్పకుండానే ఆ సాఫ్ట్‌వేరు, డ్రైవులో ఏ ఫ్లాపీ ఉంటే దాని మీద నకలు ఒకటి దాచిపెడుతోంది. ఎదురుపార్టీవాళ్ల ఫ్లాపీ, వాళ్ల గుర్తు బొమ్మ కోసం తెచ్చింది, ముందురోజు నుంచి, పెద్దాయన కరపత్రం కొట్టేటప్పుడు కూడా, డ్రైవులోనే ఉండిపోయింది. సాయంత్రం వాళ్లు తమ ఫ్లాపీ తాము పట్టుకుపోయారు, అంతే. ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి హైదరాబాదులోని ఆ కంపెనీకి ఫోను చేసి, ఇదేమిటని అడిగితే, లోపలి సంగతులు బయటివాళ్లకు చెప్పం అని పెట్టేశారు. బయటివాళ్లమట! మా మామ పీక మీద కత్తి ఉంది, మేము బయటివాళ్లం.

పొద్దున్నే యంత్రాన్ని పాత దుప్పట్లలో చుట్టుకుని మామా నేనూ పోయాం. గేటు దగ్గర కాపలావాళ్లు ఆపేశారు. ఒకడు పెట్టెను తట్టి చూసి, "ఇంత పెట్టెలో ఏం పెట్టుకొచ్చినారో ఎవురికి తెల్సు? మూత తీయప్పా" అన్నాడు. బాంబేమోనని వాళ్ల భయం. నేను స్క్రూలు విప్పి రేకు మూత ఊడదీశాను. వాళ్లు వంగి, ఏ తీగ యాడికి పోతుందో ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నారు. నా జీవితంలో ఒక కంప్యూటరును అంత శ్రద్ధగా పరీక్షించినవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

పెద్దాయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను చెప్పిందంతా విని, తన మనిషి చేత కొత్త ఫ్లాపీ తెప్పించి తన చేత్తోనే డ్రైవులో పెట్టాడు. ఏం కొట్టమంటారని అడిగితే కాసేపు ఆలోచించి, శనివారం గండికి పోతాండామని కొట్టమన్నాడు. గండి అంటే మా వైపు పేరున్న గుడి. కొట్టాను. ఫ్లాపీ మీద దాచమని యంత్రానికి చెప్పలేదు, అది ఆయన పక్కన నిలబడినవాళ్లంతా చూశారు. యంత్రం ఆపాను, మళ్లీ పెట్టాను, ఫ్లాపీ తెరిచి చూపించాను. శనివారం గండికి పోతాండామని తెర మీద అక్షరాలు నిలబడ్డాయి. పెద్దాయన ముఖం నల్లబడింది. ఆయన ఎప్పుడు ఏ దారిన పోతాడో ఇంట్లో ఆడవాళ్లకు కూడా చెప్పని మనిషి, నిజంగా పోవాలనుకున్న సంగతే మాతో కొట్టించాడని అప్పుడు తెలిసింది. ఫ్లాపీని రోట్లో వేసి నలగ్గొట్టించాడు.

తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, దీన్ని తయారుచేసినోళ్లు ఎవరని అడిగాడు. పట్నంలో కంపెనీవాళ్లన్నాను.

"వాళ్లు ఏ పార్టీ?"

ఏ పార్టీ కాదన్నాను.

"ఏ పార్టీ లేనోడు ఉండడప్పా. వాడు ఎవురోడో మనకు తెల్దు, అంతే" అన్నాడు. మామ వైపు తిరిగి, నువ్వు ఇంటికి పో, నీ తప్పు లేదు అన్నాడు. ఆ మాట వినగానే మామ అక్కడే, ఆ గచ్చు మీదనే, కాళ్లు మడిచి కూలబడిపోయాడు. నాకూ కళ్లలో నీళ్లు ఆగలేదు.

ఇంటికి చేరాక చూసుకుంటే మూత లేదు, గేటు దగ్గరే మరిచిపోయి వచ్చాం. దానికోసం మళ్లీ అక్కడికి పోయే ధైర్యం ఎవరికుంది? ఆ యంత్రం పనిచేసినన్నాళ్లూ పేగులు బయట పెట్టుకునే పనిచేసింది. రోజూ బట్టతో దుమ్ము దులిపేవాళ్లం. కొత్త మూత చేయిస్తానని నేనంటే మామ వద్దన్నాడు.

నేను ఇన్నేళ్లుగా లినక్స్ అనీ, లోపలి రాత అందరికీ చూపే సాఫ్ట్‌వేరే వాడాలనీ పోరుతుంటే, ఊరికే వస్తుందని వాడుతున్నాననుకుంటారు పిల్లలు. దాని లోపలి రాతంతా నేను చదివానా అంటే లేదు, అందులో నూరో వంతు కూడా నాకు అర్థం కాదు. కానీ దాన్ని రాసినవాడు గేటు దగ్గర మూత తీయమంటే తీసే మనిషి. తీయను, నన్ను నమ్ము అనేవాడిని నమ్మి ఒకసారి మా మామను పోగొట్టుకోబోయాం.

రిపేరు షాపు నుంచి ఆ లాప్‌టాప్ చంకన పెట్టుకుని నేరుగా మామ ఇంటికే వెళ్లాను. ఇప్పుడు చూపు మందగించింది గానీ మనిషి గట్టిగానే ఉన్నాడు. కూతురు కొత్త ఫోను కొనిచ్చిందట, మాట్లాడితే వింటుందట, అడిగితే జవాబు చెప్తుందట. మామ దాన్ని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి, అంచు పొడవునా బొటనవేలి గోరుతో గీకుతూ పోయాడు.

"దీని మూత యాడుంది అల్లుడా?"

లేదు మామా, ఇప్పుడు దేనికీ ఉండటం లేదు అన్నాను. మామ లేచి నెమ్మదిగా నడిచిపోయి, దాన్ని వీధి గేటు పక్కన గోడ మీద పెట్టి వచ్చి కూర్చున్నాడు. ఒకప్పుడు మా వైపు జనం చేతిసంచీని కూడా గుమ్మం దాటనిచ్చేముందు తెరిచి చూసేవాళ్లు. ఇప్పుడు ఏముందో తెలియనిదాన్ని దిండు పక్కన పెట్టుకుని నిద్రపోతున్నారు, భయం పోయిందని సంతోషించాలో ఏమో నాకు తెలియదు. బయట గోడ మీద ఫోను మోగుతూ ఉంది. దాన్ని లోపలికి తేవడానికి మా ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.