బండి చేత దండం పెట్టించబోయి

ఆ రోజు తప్పు చేసింది నేను. తిట్లు తిన్నది మాత్రం మా డ్రైవర్ నాగన్న.

నేను ఆదోనిలో పత్తి వ్యాపారిని. గుట్టల్లో కూడా నడిచే కొత్త బండి కొని, పూజకు ఉరుకుంద గుడికి తీసుకుపోయినాను. అందులో స్ప్రింగులకు బదులు గాలి సంచులు ఉంటాయి. ఒక మీట నొక్కితే బండి పైకి లేస్తుంది, ఇంకోటి నొక్కితే కిందికి దిగుతుంది. అందరికీ గొప్పగా కనపడాలని బాగా పైకెత్తి పెట్టినాను.

టైర్ల కింద నిమ్మకాయలు పెడుతుంటే ఒకటి బండి కిందికి దొర్లింది. నాగన్న దానికోసం లోపలికి దూరినాడు. సీట్లో కూర్చున్న నేను అది చూసుకోలేదు. బయట నాతో వచ్చిన మార్కెట్ యార్డు మిత్రులు ఎగతాళి చేస్తున్నారు.

"ఏమప్పా సేటూ, మీ అమ్మ ఎట్లెక్కుతాది? నిచ్చెన తెచ్చినావా?"

"సూడండప్పా, మన బండి సామికి వంగి దండం పెడతాది!" అని మీట నొక్కినాను.

"అన్నా, నిలుపు!" అని కిందనుంచి కేక వినిపించింది. వెంటనే పైకి లేపే మీట నొక్కినా, దిగినంత తొందరగా బండి లేవలేదు. భుజం ఇరుక్కుని నాగన్న మూలుగుతుంటే మీట వదలకుండా నొక్కి పట్టినాను. చివరికి తోలు లేచిన భుజంతో బయటికి పాకినాడు.

"సెప్పి దూరాల్సింది కాదా? బుద్ధి లేదా?" అని అందరి ముందూ అరిచినాను.

"తప్పైందన్నా" అన్నాడు నాగన్న.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మర్నాడు ఎమ్మిగనూరులో వాళ్ల ఇంటికి పోయినాను. "ఈయప్పకు ముందూ ఎనకా సూపు లేదన్నా" అంది అతని భార్య. "కాదమ్మా, కింద సూడకుండా మీట నొక్కింది నేను" అన్నాను. భుజం నయమైనాక అతన్ని వెంటబెట్టుకుని యార్డుకు పోయి, ఆ మిత్రుల ముందర కూడా అదే చెప్పినాను.